ఉత్తరం బోయాకు ఉత్తరంగానే పోవాలి

విశాఖ, కాకినాడ రేవుల్లోకి సముద్రం వైపు నుంచి వచ్చే పడవకు ఎర్ర బోయాలు (దారి చూపడానికి నీళ్లలో తేలే గుర్తులు) ఎడమ చేతికి, పచ్చవి కుడి చేతికి ఉండాలి. బయటికి పోయేటప్పుడు ఇది తారుమారవుతుంది. ఎర్రది డబ్బా ఆకారం, పచ్చది శంకువు. సన్నటి స్తంభంలాంటి బోయా అయితే ఆ ఆకారం దాని తలమీద ఉంటుంది. ఎండ ఎదురుగా కొడుతుంటే రంగు తెలియదు, ఆకారమే దిక్కు. అమెరికాలో పడవ నడిపే మనవాళ్లకో హెచ్చరిక: అక్కడ రంగులు తిరగబడతాయి, రేవులోకి వచ్చేటప్పుడు ఎరుపు కుడికి ఉండాలి. ఆకారాలు మాత్రం మారవు, ఎడమకు డబ్బా, కుడికి శంకువే.

కొత్తవాళ్లు తికమకపడేది పసుపు, నలుపు పట్టీల దిక్కు బోయాల దగ్గర. ఉత్తరం బోయా అంటే దానికి ఉత్తరాన నీళ్లు క్షేమమని. రాయో, ఇసుక మేటో దాని దక్షిణాన ఉంటుంది. తలమీది రెండు నల్ల శంకువుల మొనలు ఎటు చూస్తే బోయా మీది నలుపు పట్టీ అటుంటుంది. రెండూ పైకుంటే ఉత్తరం, కిందికుంటే దక్షిణం. పైదాని మొన పైకి, కిందిదాని మొన కిందికి ఉంటే తూర్పు, నలుపు రెండు కొసల్లో. మొనలు ఎదురెదురుగా ఉంటే పడమర, నలుపు నడుమ.

రాత్రిపూట తెల్లదీపం మెరుపులు లెక్కపెట్టాలి. గడియారంలో లాగే తూర్పుకు 3, దక్షిణానికి 6, పడమరకు 9. ఉత్తరానిది ఆగకుండా మెరుస్తుంది. అలల మీద ఊగే పడవలో లెక్క తప్పడం తేలిక. అందుకే దక్షిణం దీపం ఆరు మెరుపుల తర్వాత కనీసం 2 సెకన్ల పాటు ఒక పొడవాటి వెలుగు ఇస్తుంది.

నలుపు మీద ఎర్ర పట్టీ, పైన రెండు నల్ల బంతులు ఉంటే ప్రమాదం సరిగ్గా దాని కిందే ఉంది, చుట్టూ నీళ్లు క్షేమం. ఎరుపు, తెలుపు నిలువు చారలైతే ఎటునుంచైనా పోవచ్చు. నీలం, పసుపు నిలువు చారలది కొత్తగా మునిగిన ఓడ. 2002 డిసెంబరులో ఇంగ్లిష్ చానల్‌లో ట్రైకలర్ నౌక మునిగింది. కాపలా ఉన్నా మరో రెండు ఓడలు వచ్చి దానికే గుద్దుకున్నాయి. ఆ తర్వాతే ఈ బోయా పుట్టింది.

బోయాను సముద్రం అడుగున ఉన్న బరువుకు గొలుసుతో కడతారు, ఆటుపోట్లకు అది ఆ బరువు చుట్టూ తిరుగుతుంది. తుపాను తర్వాత గొలుసు తెగి ఎక్కడికైనా కొట్టుకుపోవచ్చు, దీపం ఆరిపోవచ్చు. కాబట్టి పడవ నడిపే సరంగు బోయాతో పాటు సముద్ర పటం, జీపీఎస్, నీటి లోతు కూడా సరిచూసుకోవాలి. వలగానీ పడవగానీ దానికి కట్టకూడదు. ఆ లాగుడుకు బోయా జరిగితే తర్వాత వచ్చే పడవ దారి తప్పుతుంది.