పర్లా స్టేషన్ దగ్గర రెండు ముక్కలైన లైను

2025 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు రైల్వే డివిజన్ విభజనకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడు అందరూ విశాఖ గురించీ, ఇనుప ఖనిజం మోసే కిరండూల్ లైను మీద వచ్చే ఆదాయం గురించీ మాట్లాడుకున్నారు. ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో, మా వాడుకలో పర్లాలో, ఉన్న మాకు మాత్రం అందులో ఒక్క వాక్యం చాలు, గుండె గుబేలుమంది. ఆంధ్రలోని నౌపడ జంక్షన్ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖపట్నం డివిజన్‌కి, పర్లాకిమిడి నుంచి ఒడిశాలోని గునుపూర్ దాకా కొత్త రాయగడ డివిజన్‌కి. మొదటిది దక్షిణ కోస్తా జోన్, రెండోది తూర్పు కోస్తా జోన్. మొత్తం కలిపి 90 కిలోమీటర్ల లైను, దాన్ని సరిగ్గా మా స్టేషన్ దగ్గర కోశారు.

ఇది ఎందుకు బాధగా ఉందో తెలియాలంటే ఈ లైను ఎలా పుట్టిందో చెప్పాలి.

1890ల్లో మద్రాసు వైపు నుంచి కలకత్తా వైపు తీరం వెంబడి పెద్ద లైను వచ్చింది. అది నౌపడ మీదుగా పోయింది, ఉప్పు మడుల ఊరది. పర్లాకిమిడి సంస్థానానికి అదే దగ్గరి స్టేషన్, కానీ అక్కడికి చేరడానికే 40 కిలోమీటర్లు పోవాలి. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి తన డబ్బుతోనే రైలు వేయిస్తానన్నారు, 1898లో ప్రభుత్వ అనుమతి వచ్చింది, సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో లైను పూర్తయి 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. పెద్ద లైనుకి అయిదున్నర అడుగులు. ఖర్చు తగ్గుతుంది, వంపులు ఎక్కువున్నా బండి తిరుగుతుంది, ఊళ్ల పక్కనుంచి పోనివ్వొచ్చు.

అయితే ఆ తేడా వల్ల నౌపడ స్టేషన్‌లో రెండు లోకాలు పక్కపక్కనే ఉండేవి. చిన్న బండి పెట్టె పెద్ద పట్టాల మీదికి ఎక్కదు కాబట్టి లోపలి నుంచి వచ్చిన ప్రతి బస్తానీ దింపి, మోసి, పెద్ద బండిలోకి ఎక్కించాల్సిందే. మనుషులకైనా అంతే, మూటాముల్లే సర్దుకుని ఇటు దిగి అటు పరుగు. మొదటి పదేళ్లూ ఈ లైనుకి నష్టాలే, 1910 తర్వాతే లాభం కనబడింది. అది చూశాక లైనును వంశధార లోయలోకి పొడిగించారు, 1929, 1931ల్లో రెండు విడతలుగా కాశీనగర్ మీదుగా గునుపూర్ చేరింది. అప్పటికి గద్దె మీద ఉన్నది గౌరచంద్ర కొడుకు కృష్ణచంద్ర గజపతి. లైనుని నడిపే పని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వెళ్లింది.

అంతవరకూ నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లా అన్నీ మద్రాసు రాష్ట్రంలో గంజాం జిల్లావే. 1936 ఏప్రిల్ 1న, అంటే మా రైలు మొదలైన సరిగ్గా 36 ఏళ్లకి అదే తేదీన, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. దాని కోసం గట్టిగా పనిచేసినవాళ్లలో కృష్ణచంద్ర గజపతి ముందుంటారు, తర్వాతి ఏడాది ఆయనే ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. పర్లా అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. పర్లాలోనే పాఠాలు చెప్పి, సవర భాషకి వ్యాకరణం రాసి, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1936లోనే ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికాయనకి డెబ్బై దాటాయి. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

గీత పడింది కానీ రైలు ఆగలేదు, ఇదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. సరిహద్దు అవతల సంతకి, ఇవతల ఆసుపత్రికి, అవతల సంబంధాలకి, ఇవతల పురుళ్లకి అదే బండి. ఎనభైల్లో మా అమ్మమ్మ గారి ఊరు టెక్కలి వెళ్లడానికి దాంట్లోనే ఎక్కేవాళ్లం. పెట్టె ఎంత ఇరుకంటే ఎదుటివాళ్ల మోకాళ్లు మన మోకాళ్లకి తగిలేవి. పాతపట్నంలో కూరగాయల బుట్టలతో ఆడవాళ్లు ఎక్కేవారు, నేల మీద నిలబడే బుట్టని ఎత్తి గుమ్మంలో పెట్టి, “కాస్త జరుగు నాయనా” అని తెలుగులో ఒకరికి, ఒడియాలో ఇంకొకరికి చెప్పి, ఆ బుట్ట పక్కనే చతికిలబడేవారు. ఏ రాష్ట్రంలో ఎక్కి ఏ రాష్ట్రంలో దిగుతున్నామన్నది ఎవరికీ పట్టేది కాదు.

2004 జూన్‌లో ఆ చిన్న బండి ఆగిపోయింది, పెద్ద పట్టాలు వేయడానికి. 2010లో పర్లా దాకా, 2011లో గునుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ వచ్చింది. ఆ ఆరేళ్లూ బస్సులే దిక్కు. కానీ ఆ తర్వాత దక్కింది చిన్న విషయం కాదు, నౌపడలో దిగి మారే పని లేకుండా గునుపూర్‌లో ఎక్కినవాళ్లు నేరుగా విశాఖలోనో పూరీలోనో దిగుతున్నారు. వందేళ్ల పైచిలుకు ఎదురుచూసింది దీనికోసమే.

ఇప్పుడు మళ్లీ గీత. ఒడిశాలో ఉన్న లైనుని ఒడిశాలోని డివిజన్‌కి ఇవ్వాలన్న ఆలోచన అర్థమవుతుంది. కానీ మ్యాప్ తీసి చూడండి. పర్లా నుంచి గునుపూర్ దాకా ఉన్న సుమారు 50 కిలోమీటర్ల ముక్కకి రాయగడతో ఈరోజుకి నేరుగా పట్టాల సంబంధం లేదు. గునుపూర్‌లో లైను ఆగిపోతుంది. రాయగడ నుంచి ఒక ఇంజన్ అక్కడికి రావాలంటే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం రోడ్, నౌపడ చుట్టి, అంటే దారిలో చాలా భాగం పక్క జోన్ పట్టాల మీదుగా, రావాలి. గునుపూర్ నుంచి రాయగడ దగ్గరి తెరుబలి స్టేషన్‌కి 73 కిలోమీటర్ల కొత్త లైనుకి 2024 ఆగస్టులో మంత్రివర్గం ఒప్పుకుంది. అది పూర్తయితే ఈ విభజనకి ఒక అర్థం వస్తుంది. పూర్తి కాకముందే కోయడమే నాకు మింగుడుపడటం లేదు.

ఎందుకంటే ఈ లైను మీద తిరిగే బండ్లే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కాశీనగర్‌లో పొద్దున ఎక్కే కాలేజీ పిల్లకి పర్లా దాకా ఒక డివిజన్, టెక్కలి వెళ్లాల్సిన రోగికి పర్లా నుంచి ఇంకొకటి. ఒక బండి వేళ మార్చమని అడగాలంటే అర్జీ రాయగడకి రాయాలా, విశాఖకి రాయాలా? రెండింటికీ రాస్తే ఎవరు ముందు చదువుతారు? తెరుబలి లైను వచ్చేదాకా నౌపడ నుంచి గునుపూర్ వరకు 90 కిలోమీటర్లకీ వేళలు ఒకే చోట నిర్ణయించాలి. కొత్త బండి అడిగినా, ఉన్న బండికి పెట్టెలు పెంచమన్నా అక్కడే జవాబు దొరకాలి. పాతపట్నంవాళ్లూ గునుపూర్‌వాళ్లూ కలిసి అడగాల్సింది ఇదే, అదీ ఇప్పుడే అడగాలి.