మాఫీ కాదు, వాయిదానే: పేద దేశాల అప్పు, వాతావరణ న్యాయం

2023 ఫిబ్రవరి 25న, జి-20 ఆర్థిక మంత్రులు బెంగళూరుకు వచ్చిన సందర్భంలో, అప్పు తీసుకున్న దేశాలను, అప్పిచ్చిన ప్రభుత్వాలను, ప్రైవేటు రుణదాతలను ఒకచోట కూర్చోబెట్టే రుణ రౌండ్ టేబుల్ తొలిసారి ముఖాముఖిగా సమావేశమైంది. కరువుకూ వడ్డీకీ తాళలేక అనంతపురం పల్లెలు వదిలి ఈ నగరంలో కట్టడాల పనికి చేరిన తెలుగువారికి అక్కడి ప్రశ్న కొత్తదేమీ కాదు. పంట పోయిన ఏడాదే కిస్తు కట్టమంటే ఎక్కడి నుంచి తేవాలి?

ఈ అప్పుల మూలం 1973 నాటి చమురు ధరల పెరుగుదలలో ఉంది. చమురు దేశాల డాలర్లు పాశ్చాత్య బ్యాంకుల్లో చేరి, అక్కడి నుంచి, ఎప్పటికప్పుడు మారే వడ్డీపై, ముఖ్యంగా లాటిన్ అమెరికాకు అప్పులుగా వెళ్లాయి. 1979 తర్వాత అమెరికా తన ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వడ్డీ రేట్లు పెంచడంతో, ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని దేశాల బాకీలు ఉబ్బిపోగా, 1982లో మెక్సికో చేతులెత్తేసింది. ఈ అప్పు తీర్చలేమని, తీర్చనక్కర్లేదని 1987లో అడిస్ అబాబాలో చెప్పిన బుర్కినా ఫాసో అధ్యక్షుడు థామస్ సంకరా అదే ఏడాది హతుడయ్యాడు. ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి 1996లో మొదలుపెట్టి 2005లో విస్తరించిన మాఫీ పథకాల కింద 37 దేశాలకు 10,000 కోట్ల డాలర్లకు పైగా ఊరట లభించింది. 1953లో పశ్చిమ జర్మనీ అప్పులో దాదాపు సగం రద్దయిందన్నదీ గుర్తుంచుకుంటే, మాఫీ జరగని పని అనే వాదన నిలవదు.

వాతావరణం ఈ లెక్కలోకి ఆలస్యంగా వచ్చింది. కర్బన ఉద్గారాలతో సంపన్నమైన దేశాలే అసలు బాకీదారులని బొలీవియా 2009లో వాదించింది. ఆ ఏడాదే వాతావరణ సదస్సు జరిగిన కోపెన్‌హేగన్‌లో, వాతావరణ మార్పును ఎదుర్కొనేందుకు పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు మాట ఇచ్చాయి. అది 2022లో గానీ నెరవేరలేదు, అందులోనూ అధిక భాగం అప్పే. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను మొజాంబిక్‌ను ముంచెత్తినప్పుడు అంతర్జాతీయ ద్రవ్యనిధి ఇచ్చిన దాదాపు 12 కోట్ల డాలర్లకు వడ్డీ లేదు, కానీ అదీ తిరిగి కట్టవలసిందే.

2020లో కోవిడ్ వేళ జి-20 చేసింది కిస్తులను వెనక్కి జరపడమే. ప్రైవేటు రుణదాతలు దాదాపుగా కలిసిరాలేదు. ఆ నవంబరులో చెల్లింపులు ఆపేసిన జాంబియా, 2024 ఫిబ్రవరిలో కరువును జాతీయ విపత్తుగా ప్రకటించే నాటికి కూడా బాండుదారులతో, అంటే తన అప్పు పత్రాలు కొన్న మదుపరులతో, ఒప్పందం ముగించలేకపోయింది. అదే ఏడాది బెరిల్ తుపాను తర్వాత కరీబియన్ ద్వీప దేశం గ్రెనడా, తన బాండు పత్రాల్లోనే ఉన్న విపత్తు నిబంధనను వాడుకుని చెల్లింపులు నిలిపింది. చిన్న ద్వీపానికి అదీ మేలే, కాదనలేం. అయితే నిలిపిన మొత్తం రద్దు కాలేదు, మిగిలిన కిస్తులకు జతపడింది.