కార్న్ బ్రే కొండ మీద దొరికిన డబ్బా

చిరంజీవులు బుజ్జికీ, చిన్నోడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

నిన్న వాన తెరిపి ఇవ్వగానే మీ పిన్ని నన్ను కార్న్ బ్రే అనే కొండ ఎక్కించింది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, రెడ్‌రూత్ ఊరి పక్కనే ఉంటుంది. ఎత్తు సుమారు 225 మీటర్లే గానీ, చలిగాలి మాత్రం మనిషిని నిలబడనివ్వదు. ఇంతా చేసి మేం వెళ్లింది ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా కోసం!

ఆ ఆట పేరు జియోకాషింగ్. ఎవరో ఒక డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో చెబుతారు. ఫోన్ చూసుకుంటూ వెళ్లి వెతుక్కోవాలి. దొరికితే పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటే ఉన్నట్టే పెట్టి రావాలి. లోపల ఉన్న వస్తువు ఏదైనా తీసుకుంటే, దానికి సరితూగేది మరొకటి పెట్టాలి. మనం ఎక్కడున్నామో ఫోన్‌కు తెలిసేది ఉపగ్రహ సంకేతాలతోనే. 2000 మే నెల దాకా ఆ సంకేతాల్లో అమెరికా కావాలనే కొంత తప్పు కలిపేది, సామాన్యులకు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ తప్పు తీసేసిన వెంటనే, మే 3న, అక్కడి ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో బకెట్ దాచి ఆచూకీ చెప్పాడు. అలా మొదలైందీ ఆట.

ఇప్పటికీ ఫోన్ మనల్ని నాలుగైదు మీటర్ల దగ్గరికే తీసుకెళ్తుంది. ఆ తర్వాత కళ్లే దిక్కు. పసుపు పూల ముళ్లపొదల మధ్య అరగంట తిరిగాం. మాతో వచ్చిన మీ తమ్ముడు, అదే పిన్ని కొడుకు, ఒక పాత రాళ్ల వరసలోంచి రాయి లాగబోతే గట్టిగా వారించాను. ఆ కొండ మీద ఐదున్నర వేల ఏళ్ల కిందటే రాతి గోడ కట్టుకుని మనుషులు బతికారు. మన సింధు నగరాలకు దాదాపు వెయ్యేళ్లు ముందన్నమాట. తవ్వకాల్లో వందలకొద్దీ చెకుముకి రాతి బాణపు మొనలు దొరికాయి. అలాంటి చోట ఒక్క రాయి కదిపినా ఒక జాడ చెరిగిపోతుంది. డబ్బా కోసం తవ్వకూడదన్నది ఈ ఆటలోనూ నియమమే.

నేను అలిసిపోయి ఒక బండ మీద కూర్చున్నాను. కిందికి చూస్తే అక్కడక్కడా కప్పులేని రాతి కట్టడాలు, పక్కనే పొడుగాటి పొగగొట్టాలు. అవి ఇంజన్ ఇళ్లు. గని లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఊరతాయి. వాటిని తోడే ఆవిరి ఇంజన్లు అందులో ఉండేవి. ముందు గోడ మీద పెద్ద ఇనుప దూలం ఏతంలా పైకీ కిందికీ ఊగేది. దాని ఒక కొస ఇంటి లోపల, రెండో కొస బయట, గనిలోకి నిలువుగా తవ్విన బావి మీద. ఆ బరువు మోయడానికే ముందు గోడను అంత మందంగా కట్టారు. ఇంజన్లు పోయినా గోడలు అందుకే నిలబడ్డాయి.

ఇక్కడ తవ్వింది రాగి, తగరం. తగరమంటే ఏమిటో తెలీదనకండి. మన ఇత్తడి గిన్నెలకు వీధిలో కొలిమి పెట్టి కలాయి వేసేవాళ్లే, ఆ తెల్లటి పూత అదే. రాగిలో తగరం కలిపితే మన పూజగదిలో గంట పోతపోసిన కంచు.

1860ల్లో రాగి ధర పడిపోయాక ఈ కొండ చుట్టుపక్కల గని పనివాళ్లు దేశాలు పట్టిపోయారు. వాళ్లకు ‘కజిన్ జాక్’ అని పేరు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ కోలార్ బంగారు గనులు చేపట్టింది. ఆ పని మీద ఇక్కడివాళ్లు అక్కడికి వచ్చారు. మన కుప్పం వైపు నుంచి కూలికి వెళ్లినవాళ్లలో మా తాత ఒకడు. దొరలకు బంగళాలు, మనవాళ్లకు కూలీ లైన్లలో తడికల గుడిసెలు. బావిలోకి మాత్రం ఇద్దరూ దిగేవాళ్లు. మా నాన్న అక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలో చేరేనాటికి గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చేశాయి. భూమి లోపల బండ పగిలిన చప్పుడు వినిపిస్తే అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడేది, నాన్న కనిపించేదాకా లోపలికి వెళ్లేది కాదు. ఈ కొండ కింద ఇళ్లలోనూ ఆడవాళ్లు అలాగే నిలబడి ఉంటారు కదా అనిపించి, కాసేపు నోట మాట రాలేదు.

ఇక్కడి సౌత్ క్రాఫ్టీ గని 1998లో మూతపడింది. మన కోలార్ గని 2001లో.

ఇంతలో మీ తమ్ముడు కేక పెట్టాడు. డబ్బా దొరికింది! పుస్తకంలో మీ పిన్ని ఇంగ్లీషులో రాసింది. నేను తెలుగులో మా తాత పేరు, దాని కింద ‘కోలార్’ అని రాసి, నా సంచిలో ఎన్నాళ్లుగానో ఉన్న పాత ఐదు పైసల బిళ్ల అందులో పెట్టాను.

డబ్బా ఎక్కడుందో మాత్రం చెప్పను. వేసవి సెలవులకు వస్తారుగా, మీరే వెతకండి. కాలిబాట వదిలి మాత్రం పోవద్దు, పాత గని బావులు ఇక్కడ చాలా ఉన్నాయి. పుస్తకంలో తెలుగు అక్షరాలు కనబడితే, వాటి కింద మీ పేర్లు కూడా రాయండి.

మీ అమ్మమ్మ