పడవ మీద ఏ పలక పరవాలి?

గోపాలపురం,
గంజాం జిల్లా.

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య దీవించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

చిలికాలో యాత్రికులను తిప్పడానికి మీరు రంభలో 18 అడుగుల పాత ఫైబర్ పడవను కొన్నారని, దాని డెక్కు మీద టేకులా కనిపించే ప్లాస్టిక్ పలకలు పరచాలనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. ఒడియా బడిలో చదువుకుంటూ కూడా ఇంట్లో తెలుగు చదవడం మానని పిల్లలు కనుక, ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోకుండా, దగ్గర ఉంచుకొని చూసుకొనేలా వ్రాస్తున్నాను.

బజారులో కృత్రిమ చెక్క అన్న ఒక్క పేరు మీద మూడు వేర్వేరు సరుకులు అమ్ముతారు. మొదటిది ఇళ్ల వరండాలకు వేసే, చెక్కపొట్టును ప్లాస్టిక్‌తో కలిపి పోసిన గట్టి పలక. రెండవది పడవల కోసమే చేసిన, చుట్టడానికి వీలైన పీవీసీ అనే ప్లాస్టిక్ పలక. మూడవది చెప్పుల అడుగుకు వాడే ఈవీఏ అనే నురుగు పదార్థపు పరుపు. మీ డెక్కు ఆరు చదరపు మీటర్లుంటుందని అనుకొని లెక్క వేశాను. వరండా పలక 25 మిల్లీమీటర్ల మందంలో, లోపల బోలు లేకుండా ఉంటే, చదరపు మీటరుకు సుమారు 30 కిలోలు, అంటే మొత్తం 180 కిలోలు. ముగ్గురు మనుషులు రాత్రింబగళ్లు పడవ దిగకుండా నిలబడి ఉన్నట్లే కదా! ఆ బరువంతా పైభాగంలోనే ఉండటం వల్ల చిన్న అలకే పడవ ఒరుగుతుంది. 5 మిల్లీమీటర్ల పీవీసీ అయితే మొత్తం 40 కిలోల లోపు, 6 మిల్లీమీటర్ల నురుగు పరుపు అయితే ఆరేడు కిలోలు. ప్లాస్టిక్ కదా, తేలికగా ఉంటుందని మాత్రం అనుకోకండి. 8 మిల్లీమీటర్ల అసలు టేకు వేసినా సుమారు 31 కిలోలే.

నేను ఈ వరండా పలకనే ఒకసారి నమ్మి నష్టపోయాను. అమ్మినతను పడవకు కూడా పనికొస్తుందన్నాడు, నేను అడగవలసినది అడగలేదు. ప్లైవుడ్ మీద ఫైబర్ పూసిన డెక్కుకు అరవై స్క్రూలు దింపి బిగించాను. రెండు వర్షాకాలాలు గడిచాక అడుగు వేస్తే డెక్కు దిగుతున్నట్లు అనిపించింది. ఒక పలక ఊడదీసి స్క్రూ రంధ్రం దగ్గర బొటనవేలు పెట్టి నొక్కితే ప్లైవుడ్ నానిన అటుకుల్లా వేలికి అంటుకొంది. చెక్కను కుళ్లబెట్టడంలో ఉప్పునీటికన్నా వాన నీరే ప్రమాదకరం. అది ప్రతి రంధ్రంలోంచి లోపలికి దిగి, పైన పలక కప్పి ఉండటం వల్ల ఆరే దారి లేక అక్కడే నిలిచిపోయింది. అందుచేత మీ డెక్కుకు ఒక్క కొత్త రంధ్రం కూడా పెట్టకండి. జిగురుతో అంటించే సరుకునే ఎంచుకోండి.

ఇక వేడి సంగతి. పడవ ఎక్కేవారు చాలామంది చెప్పులు చేతపట్టుకొని వట్టి కాళ్లతో ఎక్కుతారు, వారిలో చంటిపిల్లలు కూడా ఉంటారు. దుకాణం నీడలో చేత్తో తడిమి చూస్తే ఏమీ తెలియదు. ముదురు టేకు రంగు ముక్క ఒకటి, లేత బూడిద రంగు ముక్క ఒకటి తెచ్చి మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు మేడ మీద ఎండలో ఉంచి, ఒక్కొక్కదాని మీద అరికాలు పెట్టి పది లెక్కపెట్టండి. ముదురు రంగు మీద మీరు ఐదు కూడా లెక్కపెట్టలేరు. తరువాత రెండింటి మీద నీళ్లు పోసి, కాస్త సబ్బు నురగ వేసి, మీలో ఒకరు రెండవవారి చేయి పట్టుకొని నిలబడి కాలు జారుతుందేమో చూడండి. నురుగు పరుపు కాలికి హాయిగానే ఉంటుంది గాని, లంగరు కొన తగిలితే చిరుగుతుంది, పెట్రోలు ఒలికితే పాడవుతుంది. అందుకే మీ పడవకు లేత రంగు పీవీసీయే సరైనదని నా అభిప్రాయం. టేకు రంగు మీది మోజు వదులుకోవడం కష్టమే, నాకు తెలుసు.

అంటించే పని వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక, మార్గశిరంలోనో పుష్యంలోనో, నీడలో చేయండి. ఎండకు సాగిన పీవీసీని అలాగే అంటిస్తే రాత్రి చల్లబడి ముడుచుకొనేటప్పుడు అంచులు లేస్తాయి. ఫైబర్ మీద మైనపు పొర ఉండవచ్చు కనుక ముందు ఎసిటోన్ అనే ద్రావకంలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ తరువాతే గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ తుడవండి. తుడవకుండా రుద్దితే మైనం గీతల్లోకి దిగి జిగురును పట్టనివ్వదు. పలకను మధ్య నుంచి అంచులకు రోలరుతో నొక్కుతూ గాలి బయటికి పంపి, ఒక రోజంతా ఇసుక మూటలు పెట్టి ఉంచండి. మర్నాడు వేలి కణుపుతో తట్టి చూస్తే, బోలుగా మోగిన చోట జిగురు పట్టలేదని తెలుస్తుంది. నీరు పోయే రంధ్రాలను మాత్రం దేనితోనూ కప్పకండి.

మిగిలిన ముక్కలను సరస్సులో వేయకండి, కాల్చకండి. పీవీసీ కాలితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. ఒకటి రెండు ముక్కలు దాచుకొంటే రేపు చిరిగిన చోట అతుకు వేయడానికి పనికొస్తాయి.

పలకలు కొనే ముందు డెక్కు మీద మందపాటి కాగితం పరచి, మూత, రంధ్రాలు, కొక్కేలు ఎక్కడున్నాయో గీసి, కత్తిరించిన అచ్చులను చుట్టగా చుట్టి మీ నాన్న చేత నాకు పంపండి. కుడి ఎడమలు తారుమారు కాకుండా ప్రతి అచ్చు మీద బాణం గుర్తు వేసి, పడవ ముక్కు ఏ వైపుందో వ్రాయండి. కొలతలు సరిచూసి వారంలో తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య