వాన చుక్కకు ఫైబర్ రెక్క అరుగుతుందా?

గాలిమర రెక్క పాడైందంటే పిడుగో, పెనుగాలో అనుకుంటాం. తయారీ లోపాలూ ఉంటాయి: 2024 జూలైలో అమెరికాలోని నాన్‌టకెట్ దీవి దగ్గర 107 మీటర్ల రెక్క విరిగింది జిగురు సరిగా అతకకే. కానీ తిరిగే ప్రతి రెక్కనూ తినేది వాన.

60 మీటర్ల రెక్క నిమిషానికి 13 చుట్లు తిరిగితే కొస వేగం సెకనుకు 80 మీటర్లు దాటుతుంది. అంటే చుక్క వచ్చి పడేదాకా రెక్క ఆగదు, తానే వెళ్లి గుద్దుతుంది.

పారే నీటిని టక్కున కట్టేస్తే పైపు దబ్బుమంటుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే. ముందున్న నీరు ఆగిన సంగతి వెనక నీటికి ధ్వని వేగంతోనే చేరుతుంది. ఆలోగా వెనకది వచ్చి ఒత్తుతుంది. ఆ పీడనం = సాంద్రత × నీటిలో ధ్వని వేగం × ఢీకొన్న వేగం. పైపులో సెకనుకు ఒక మీటరు వేగానికి 15 లక్షల పాస్కల్‌లు. రెక్క కొసకు 1000 × 1500 × 80, అంటే 12 కోట్లు. వాతావరణ పీడనానికి దాదాపు 1,200 రెట్లు, మైక్రోసెకన్ల పాటు! ఇనుప పైపు కంటే పీవీసీ పైపులో దెబ్బ తక్కువ, గోడ కాస్త సాగుతుంది కాబట్టి. రెక్క ముందంచుకు మెత్తటి పాలీయురెథేన్ పూత వేసేది అందుకే.

పూత కింద గాలిబుడగ మిగిలితే మాత్రం పని చెడినట్టే. పీడన తరంగం అక్కడ తిరగబడి లాగుడుగా మారి పూతను లేపేస్తుంది. అందుకే మరమ్మతులో గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, గుంటలు పూడ్చి, పొడి వాతావరణంలోనే పూస్తారు.

మొదట్లో కంటికేమీ కనపడదు. తర్వాత సూదిపోట్లు, గుంటలు, చివరికి బయటపడ్డ గాజు పోగులు (రెక్క చేసేది వాటితోనే). గరుకైన అంచు మీద గాలి ముందే చెదిరి కరెంటు ఉత్పత్తి తగ్గుతుంది. లోపలికి చేరిన నీరు, అది బయటికి పోయేందుకు కొస దగ్గర ఉంచే రంధ్రం మూసుకుపోతే, నిలుస్తుంది. పిడుగు పడితే ఆవిరై రెక్కను చీలుస్తుంది.

గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తాయని కొన్ని ఊళ్లలో నమ్ముతారు. మబ్బులు వాటికి అందేంత కిందికి సాధారణంగా రావు. వాన మాత్రం వాటిని వదలదు.

కుండపోతలో మరను నెమ్మదింపజేయడం మరో ఉపాయం. వేగం 80 నుంచి 60కి దిగితే పీడనం 9 కోట్లకు పడిపోతుంది, ఆయుష్షు అంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఏడాదిలో అంత జోరువాన కురిసే గంటలు కొన్నే కాబట్టి పోయే కరెంటు కొంచెమే.