మన్యంలో మొదటి పలక ఏ భాషలో?

ఎదుటివాడి మాట అర్థం కాకపోతే "అదేం కోయభాష" అనేయడం తెలుగునాట చాలామందికి అలవాటు. నిజానికి కోయ మనకు దూరపు భాష కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రవేత్తలు తెలుగునూ గోండి, కోయ, కొండ, కువి భాషలనూ ద్రావిడ కుటుంబంలో ఒకే శాఖలో చేర్చారు. గోండులు నీళ్ళను "ఏర్" అంటారు, మన "ఏరు" కూడా ఆ మాటే. తోబుట్టువు భాషనే అర్థంకాని గోలకు మారుపేరుగా చేసుకున్నాం. తన పద్ధతినే కొలబద్దగా పెట్టుకుని ఇతరులను తక్కువగా చూసే ఈ గుణాన్ని స్వజాతి కేంద్రకవాదం అంటారు. అమెరికా సమాజశాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్ 1906లో ఈ భావనను ప్రచారంలోకి తెచ్చాడు. ఊరి రచ్చబండ మీద అది ఒక ఎగతాళి మాటగా పోతుంది. ఒకటో తరగతి గదిలో అలా పోదు, పిల్లవాడి చదువు మీద పడుతుంది.

ఎలా పడుతుందో అంకెల దగ్గర చూడండి. గోండి పిల్లవాడు లెక్కపెడితే "ఉంది, రండ్, మూంద్, నాలుంగ్, సైయుంగ్" అంటాడు. ఆ "ఉంది" అంటే ఒకటి. గోండి తెలియని టీచరుకు మాత్రం వాడు "ఉంది" అని ఏదో సంబంధం లేని జవాబు చెప్పినట్టు వినిపిస్తుంది. సవర పిల్లల సంగతి ఇంకా లోతైనది. సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానిది. అందులో లెక్క పన్నెండు దాకా వెళ్ళి మళ్ళీ మొదలవుతుంది. 13 అంటే పన్నెండూ ఒకటి, 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఆ అలవాటుతో వచ్చిన పిల్లవాడికి "పది మీద మూడు" దగ్గర తడబాటు రావడం సహజం. దాన్ని మందబుద్ధి అనుకుంటే తప్పు టీచరుది.

ఈ తేడాను గుర్తించి పని మొదలుపెట్టినవాడు గిడుగు రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, వ్యావహారిక భాష కోసం పోరాడినందుకు. ఆయన జీవితంలో మరో సగం సవరలకు దక్కిందని ఆ రోజు సభల్లో అంతగా వినిపించదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవరలతో మాట్లాడి వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ కోసం వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. తెలుగు పిల్లవాడికి గ్రాంథికం ఎంత బరువో సవర పిల్లవాడికి తెలుగు అంతకన్నా బరువు. రెండుచోట్లా ఆయన వాదన ఒకటే: ఇంట్లో మాట్లాడే మాటతోనే చదువు మొదలవ్వాలి.

గిడుగు కన్నుమూసిన 1940లోనే నిజాం రాజ్యంలో కొమరం భీం జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అడవిని రిజర్వు చేసి పోడు భూముల నుంచి గోండులను, కోలాములను వెళ్ళగొట్టడం ఆ తిరుగుబాటుకు మూలం. కారణాలు తెలుసుకొమ్మని ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, గోండి నేర్చుకుని, భూమి పట్టాలతో పాటు బడినీ సిఫారసు చేశాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండులనే టీచర్లుగా తయారుచేశారు. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఉన్నందున గోండి వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చువేశారు.

అక్కడే ఒక చిక్కు ఉంది. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది, బడి తెలుగులోకి మారింది, దేవనాగరి వాచకాలకు చోటు లేకుండా పోయింది. అదే ఏడాది రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని అది చెబుతుంది. మన్యం బడుల్లో అది దశాబ్దాల పాటు కాగితం దాటలేదు.

మళ్ళీ కదలిక వచ్చింది 2004లో. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కోలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో, 240 బడుల్లో బహుభాషా విద్య మొదలైంది. ఒకటో తరగతి మాతృభాషలో మొదలుపెట్టి, ఏటా తెలుగు పాలు పెంచుతూ, ఐదు నాటికి పిల్లవాణ్ణి తెలుగులోకి తేవాలన్నది పథకం. పుస్తకాలకు తెలుగు లిపినే వాడారు. తర్వాత తెలుగు చదవడానికి అది సాయపడుతుంది, ఆ నిర్ణయం సరైనదే. కానీ లిపి సరిపోయేలా చూసుకోవాలి. సవరలో గొంతులో గాలి ఒక్కక్షణం ఆగి విడిచే హల్లు ఉంది, తెలుగులో దానికి అక్షరం లేదు. దానికో గుర్తు పెట్టకపోతే పిల్లవాడు చదివింది తన భాషలా వినిపించదు.

వాచకం చేసే పద్ధతిలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. తెలుగు పాఠాన్ని మాటకు మాట గోండిలోకి దించితే అది గోండి పుస్తకం అవ్వదు. ముందు ఊళ్ళో పెద్దల దగ్గర మాటలు, కథలు, పాటలు సేకరించాలి. రాసిన పాఠాన్ని పక్క మండలాల్లో కూడా పిల్లల చేత చదివించి చూడాలి, ఎందుకంటే ఒకచోటి గోండి మాట మరోచోట మారిపోతుంది. బొమ్మలు, లెక్కలు వాళ్ళ జీవితం నుంచే రావాలి. గోండు వంశాలు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా (ఒకే సంఖ్యలో దేవతలను కొలిచే వంశాల గుంపులుగా) ఉంటాయి, పెళ్ళి సంబంధం సగ దాటి చేసుకోవాలి. కాబట్టి ఈ నాలుగు అంకెలూ పిల్లవాడికి బడికి రాకముందే తెలుసు. వాటితో లెక్క మొదలుపెట్టడం కన్నా తేలిక ఏముంది?

తర్వాతి సమస్య టీచరు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది, నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ. ఆ జీవో పోవడం పెద్ద దెబ్బే. అయితే అది ఉన్నప్పుడు కూడా గిరిజన టీచరు అంటే ఆ ఊరి భాష వచ్చిన టీచరు అనుకోవడం పొరపాటే. లంబాడా టీచరు కోలాం గూడేనికి వస్తే పిల్లలకు ఆయన భాష కొత్తది, ఆయనకు వాళ్ళది కొత్తది. నియామకంలో కులధ్రువపత్రంతో పాటు భాషా పరీక్ష పెట్టాలి.

2018లో గోండి భాషకున్న సొంత లిపి గుంజాల గోండికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టికలో, చోటు దొరికింది. 2020 జాతీయ విద్యావిధానం ఐదో తరగతి వరకైనా ఇంటి భాషలో బోధన ఉండాలంది, "సాధ్యమైనచోట" అన్న మెలికతో. మరోవైపు రెండు రాష్ట్రాలూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తెచ్చి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చువేస్తున్నాయి. సీతంపేట మన్యంలో సవర పిల్లవాడు ఆ పుస్తకం తెరిస్తే రెండు పేజీలూ వాడికి పరాయి భాషలోనే ఉంటాయి.