మాంసం లోపలి వేడి ఫోన్‌కి ఎలా చేరుతుంది?

మాంసం ఉడికిందో లేదో తేల్చుకోవడానికి చాలామంది రంగు చూస్తారు. ఎరుపు పోతే అయిపోయినట్టే అనుకుంటారు. రంగును అంతగా నమ్మడానికి లేదు. మాంసానికి ఎరుపునిచ్చేది మయోగ్లోబిన్ అనే ప్రోటీన్. అది ఎంత వేడి దగ్గర గోధుమ రంగుకు తిరుగుతుందన్నది మాంసంలోని ఆమ్లత్వాన్ని బట్టి, దానికి గాలి తగిలిన తీరును బట్టి మారిపోతుంది. అందుకే కొంత ఖీమా లోపలి సూక్ష్మజీవులు చావకముందే గోధుమ రంగులోకి వచ్చేస్తుంది. కొన్ని ముక్కలేమో పూర్తిగా ఉడికాక కూడా గులాబీ రంగులోనే ఉంటాయి. నమ్మదగిన దారి ఒక్కటే, లోపలి ఉష్ణోగ్రతను కొలవడం. అది కొలిచి ఆ అంకెను ఫోన్‌కి పంపే పరికరమే వైర్‌లెస్ ప్రోబ్.

మాంసం లోపల నాలుగైదు డిగ్రీల తేడాకే చాలా మారిపోతుంది. 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర మయోసిన్ అనే ప్రోటీన్ గడ్డకట్టడంతో పచ్చి ముక్క కాస్త గట్టిపడుతుంది. 60 దాటాక కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు ముడుచుకుని రసాన్ని బయటికి పిండేస్తాయి. 66 నుంచి 73 మధ్య ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ కూడా రూపం మారి ముక్క పొడిబారుతుంది. ఇటు రుచి ఇలా ఉంటే, అటు ఆరోగ్యం సంగతి ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం కోడిమాంసం లోపల 74 డిగ్రీలు రావాలి, ఖీమాకి 71 రావాలి. పంది, గొర్రె, పశుమాంసం పెద్ద ముక్కలకైతే 63 వచ్చాక మూడు నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు. పెద్ద ముక్కకి తక్కువ వేడి సరిపోవడానికి కారణముంది. సూక్ష్మజీవులు ఎక్కువగా పైభాగానే ఉంటాయి, పైభాగం ఎలాగూ బాగా కాలుతుంది. ఖీమా కొట్టినప్పుడు ఆ పైభాగం లోపలికంతా కలిసిపోతుంది.

ఇక పరికరం సంగతి. వైర్‌లెస్ ప్రోబ్ అంటే పెన్సిల్ కన్నా సన్నని స్టీలు కడ్డీ. దాని మొన దగ్గర సాధారణంగా థర్మిస్టర్ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఈ గుణాన్ని శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. ప్రోబ్‌లోని చిప్ ఆ నిరోధాన్ని కొలిచి, డిగ్రీల్లోకి మార్చి, బ్లూటూత్ ద్వారా ఫోన్‌లోని యాప్‌కి పంపుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఓవెన్ లోపల 200 డిగ్రీలు ఉంటుంది. మామూలు లిథియం బ్యాటరీకి 60 డిగ్రీలు దాటితేనే కష్టం. మరి ఈ కడ్డీ ఎలా బతుకుతోంది? వేడిని ఎక్కువగా తట్టుకునే విద్యుత్ నిల్వ సాధనాన్ని వాడతారు, నిజమే. కానీ అసలు రక్షణ మాంసమే ఇస్తుంది. మాంసంలో దాదాపు ముప్పాతిక వంతు నీరే. ఆ నీరు ఉన్నంతసేపు లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు. అందుకే బ్యాటరీనీ చిప్‌నీ కడ్డీలో మాంసంలోకి దిగే భాగంలోనే పెడతారు. పరికరం కొలవాల్సిన వస్తువే దాన్ని కాపాడటం, నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన విషయం. కడ్డీ మీద చెక్కిన గీత దాకా లోపలికి గుచ్చమని తయారీదారులు గట్టిగా చెప్పేదీ ఇందుకే. గీత బయటే ఉండిపోయేంత చిన్న ముక్కకి ఈ ప్రోబ్ పనికిరాదు.

బయట మిగిలే చివర సాధారణంగా పింగాణీతో చేసి ఉంటుంది. స్టీలు రేడియో తరంగాల్ని అడ్డుకుంటుంది కాబట్టి యాంటెన్నాని అక్కడ పెడతారు. ఓవెన్ వేడిని కొలిచే రెండో సెన్సర్ కూడా చాలావాటిలో అక్కడే ఉంటుంది. బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు. మైక్రోవేవ్ ఓవెన్ ఆహారాన్ని వేడి చేసేదీ దాదాపు అదే పౌనఃపున్యంతో, అంటే నీరున్న పదార్థం ఈ తరంగాల్ని బాగా పీల్చేస్తుంది. పైగా చుట్టూ ఓవెన్ లోహపు గోడలు. సిగ్నల్ ఇంత దూరం చేరుతుందని డబ్బా మీద రాసింది ఆరుబయట లెక్క. వంటింట్లో అంత దూరం ఆశించకూడదు. పింగాణీ చివర ఓవెన్ తలుపు వైపు తిరిగి ఉండేలా గుచ్చితే సిగ్నల్ మెరుగుపడుతుంది. చాలా రకాల్లో ప్రోబ్‌ని ఛార్జ్ చేసే డబ్బాయే సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపుతుంది కాబట్టి దాన్ని ఓవెన్‌కి దగ్గరగా ఉంచాలి. ఈ ప్రోబ్‌ని మైక్రోవేవ్ ఓవెన్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు.

యాప్‌లో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఉష్ణోగ్రత, రెండోది ఇంకా ఎంతసేపు పడుతుందన్నది. మొదటిది కొలత, రెండోది అంచనా. వేడి ఘనపదార్థంలోకి ఎలా పాకుతుందో చెప్పే సమీకరణాన్ని గణిత శాస్త్రవేత్త జోసెఫ్ ఫూరియే 1822లో ప్రచురించాడు. దాని ప్రకారం మందం రెట్టింపైతే, మిగతావన్నీ ఒకటే అయినా, నడిమధ్యకి వేడి చేరడానికి దాదాపు నాలుగు రెట్లు సమయం పడుతుంది. మీ ముక్క మందమెంతో యాప్‌కి తెలియదు. మొదటి కొన్ని నిమిషాల్లో ఉష్ణోగ్రత ఎంత వేగంగా పెరిగిందో చూసి, మిగతాది లెక్కగడుతుంది. అందుకే మొదట్లో ఆ సమయం అటూ ఇటూ మారుతుంటుంది.

సన్నని సెగ మీద గంటల తరబడి వండే పెద్ద ముక్కల్లో ఇంకో వింత జరుగుతుంది. 65, 70 డిగ్రీల దగ్గర అంకె కదలనే కదలదు. ప్రోబ్ పాడైందని సెగ పెంచేస్తారు చాలామంది. పైభాగం నుంచి నీరు ఆవిరవుతూ, లోపలికొచ్చే వేడినంతా పట్టుకుపోతుండటమే దీనికి కారణం. ఒంటి చెమట ఆరితే చల్లబడటమూ ఇదే. ఓపిక పట్టాలి, లేదా ముక్కని అల్యూమినియం రేకుతో చుట్టి ఆవిరిని ఆపాలి. చుట్టేటప్పుడు యాంటెన్నా ఉన్న చివర బయటికి ఉండాలి.

దించేశాక కూడా వంట సాగుతూనే ఉంటుంది. పైపొరల్లోని వేడి ఇంకా లోపలికి పాకుతుండటంతో పెద్ద ముక్కల్లో నడిమధ్య ఉష్ణోగ్రత మరో నాలుగైదు డిగ్రీలు పెరగొచ్చు. యాప్ కాస్త ముందే దించమనడం అందుకే. ప్రోబ్‌ని వెంటనే లాగేయకుండా ఉంచితే ఆ పెరుగుదల ఫోన్‌లో కనిపిస్తుంది, కావలసిన అంకె వచ్చిందో లేదో కూడా తెలుస్తుంది.

మొన ఎక్కడుందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. బాగా మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా, నడిమధ్యకి చేరాలి. గుచ్చింది సరిగా ఉందో లేదో అనుమానమొస్తే కొద్దికొద్దిగా జరిపి చూడండి. అన్నిటికన్నా తక్కువ అంకె చూపించేదే అసలు మధ్యభాగం. ప్రోబ్ సరిగా చూపిస్తోందో లేదో తెలియాలంటే గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, కొంచెం నీళ్లు పోసి, కలిపి అందులో ముంచండి. సున్నా చూపించాలి. పింగాణీ చివర మాత్రం నీటి పైనే ఉండాలి, లేకపోతే సిగ్నల్ పోతుంది.

ప్రోబ్ చెప్పేది తాను గుచ్చుకున్న చోటు సంగతే. పళ్లెంలో నాలుగు ముక్కలుంటే మిగతా మూడింటి గురించి దానికేమీ తెలియదు. కోడిని మొత్తంగా కాలిస్తే ఛాతీ దగ్గర 74 వచ్చినా తొడ లోపల ఇంకా రాకపోవచ్చు. ఫోన్ మోగాక, వడ్డించే ముందు, చేతి థర్మామీటర్‌తో తొడ మడతలోనూ, మిగతా ముక్కల్లోనూ ఒకసారి గుచ్చి చూడాలి.